బావ నడక, చివర నా పేరు

బస్సులో పక్క సీటువాడు పేరు అడిగితే నిద్ర వచ్చినట్టు కళ్ళు మూసుకోవాలని మా బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే ఊరు చెప్పాలి. ఊరితో వదలకపోతే కులం చెప్పాలి. పేరు మాత్రం నోట్లోంచి రాకూడదు. అడిగేవాడు అన్నల మనిషి కావచ్చు, పోలీసుల మనిషి కావచ్చు. ఎటూ కాని మనిషయితే ఇంకా కష్టం, వాడు ఇద్దరికీ చెబుతాడు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మధ్య తిరిగే బస్సుల్లో ఆ రోజుల్లో అంతమంది ఎందుకు కునుకు తీసేవారో ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు.

అలాంటి ఇంట్లోంచి నేను హైదరాబాదుకు యానిమేషన్ నేర్చుకోవడానికి వెళ్ళాను. కంప్యూటర్లు నాలుగు, మేము ముప్పై మందిమి. కింద లైటు వెలిగే గాజుబల్ల మీద కాగితాలు పేర్చి, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ గీసుకుంటూ కూర్చునేవాళ్ళం. మొదటి రోజే మా సార్ అందరినీ లేపి ఒకరి చెయ్యి ఒకరికి ఇప్పించి, కళ్ళలోకి చూస్తూ పేరు చెప్పమన్నాడు. నా వంతు వచ్చేసరికి నా మెడ దానంతటదే కిందికి వంగిపోయింది. పేరు అడిగితే ఊరు చెప్పాను. క్లాసంతా నవ్వింది.

"అడగందే అమ్మయినా పెట్టదు," అన్నాడు సార్. "నువ్వు అడగనూ అడగవు, ఎవరివో చెప్పనూ చెప్పవు. ఇక నీకు పని పెట్టేదెవరు? బొమ్మ గీయడం సగం పని. మిగతా సగం నీ డబ్బా నువ్వు కొట్టుకోవడం. సిగ్గుపడితే వెళ్ళి మీ సాంచాలే నడుపుకో."

సాంచాలంటే మరమగ్గాలు, మా ఊళ్ళో వాటిని అలాగే అంటారు. మా బాపు వాటి మీదే బతికాడు. నాకు సాంచాల మీదికి పోవాలని లేదు. ఆ చప్పుడులో మా బాపుకు ఒక చెవి సగం పోయింది. అందుకే సార్ చెప్పింది మంత్రంలా పట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి నా పేరు నాకే చెప్పుకుని అలవాటు చేసుకున్నాను. ఆర్నెల్లకు ఎవరు కనపడితే వాళ్ళ చెయ్యి పట్టుకుని ఊపే స్థితికి వచ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది.

రెండో ఏడు సార్ ఒక పని ఇచ్చాడు. మీకు బాగా తెలిసిన ఒక మనిషి నడకను ఇరవై నాలుగు బొమ్మల్లో గీసుకు రమ్మన్నాడు. చివరి బొమ్మ తర్వాత మళ్ళీ మొదటిది వస్తే నడక తెగకుండా సాగాలి. ముఖం వేయొద్దు, బట్టలు వద్దు, తల ఉన్న చోట ఒక గుండ్రం చాలు. నడక ఒక్కటే చూసి, అది ఎవరో తెలిసినవాళ్ళు గుర్తుపట్టాలి. అదీ పరీక్ష.

నేను మా బావ నడక గీశాను.

బావ అంటే మా మేనత్త కొడుకు. అత్తమ్మది కోరుట్ల. బీడీలు చేస్తుంది. మామ చిన్నప్పుడే పోయాడు. బావ పదిహేనో ఏట మా ఇంటికి వచ్చి మా బాపుతో పాటు సాంచాల మీద పని చేశాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నూలు డబ్బాల అట్టలు జాగ్రత్తగా విప్పి, సాపు చేసి, నాకు బొమ్మలు గీసుకోవడానికి తెచ్చి ఇచ్చేవాడు. నేను గీసిన ప్రతిదాన్నీ సాంచె పక్క గోడకు అతికించేవాడు. నా డబ్బా కొట్టిన మొదటి మనిషి అతనే. ఒకసారి నూలు చుట్టిన బీము భుజం మీద మోసుకొస్తుంటే జారి ఎడమ పాదం మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి ఎడమ పాదం బయటికి తిరిగి, అంచు మీద పడి, ఒక్క క్షణం ఆగి లేచేది. దానికంటే ముందే కుడి భుజం కిందికి దిగేది. బీము ఇంకా ఆ భుజం మీదే ఉన్నట్టు నడిచేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా బావ లోపలికి పోయాడు. లోపలికి పోవడమంటే మా దగ్గర ఒకటే అర్థం, అన్నలతో కలిసి అడవి పట్టడం. ఆ వార్త తెలిసిన రోజే అత్తమ్మ ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ పొయ్యిలో వేసింది. మా ఇంట్లో అక్క పెళ్ళి ఆల్బం ఉండేది. మా అవ్వ, అంటే మా అమ్మ, బ్లేడు తీసుకుని అందులో బావ ఉన్న ప్రతి చోటా తల మేరకు కోసి తీసేసింది. మా ఒక్క ఇంట్లోనే కాదు, పిల్లలు లోపలికి పోయిన ప్రతి ఇంట్లోనూ ఇలా కిటికీలు కోసిన ఫొటోలు ఉండేవి. పోలీసులు వచ్చి అడిగితే, "ఫొటో దిగే అలవాటు లేదు సార్ వానికి" అనేవాళ్ళు. పోలీసుల కాగితాల్లో బావ పేరు ఉంది, ఊరు ఉంది, కుంటివాడు అని ఉంది. ముఖం లేదు. అదొక్కటే అతని ప్రాణానికి కాపలా. కుంటివాళ్ళు జిల్లాలో ఎంతమంది ఉండరు!

ముఖం ఉంటేనే మనిషి అని మేమంతా నమ్మాం. నేనూ నమ్మాను. గుండ్రంగా సున్నా చుట్టి, కింద బావను నడిపించి, ఇందులో ఎవరికీ ఏ ముప్పూ లేదనుకున్నాను.

సార్ ఆ కాగితాలను బొటనవేలితో రెండుసార్లు జారవిడిచి చూశాడు. తర్వాత అందరినీ పిలిచి చూపించాడు. "ఈ మనిషిని నేను రోడ్డు మీద చూస్తే గుర్తుపడతాను," అన్నాడు. ఆ మాట నాకు పొగడ్తగా వినిపించింది. ఆ రెండేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క పొగడ్త. "నీ విజిటింగ్ కార్డు ఇదే. మామూలు కార్డు ఎవరైనా పారేస్తారు, దీన్ని పారేయరు. చిన్న పుస్తకంగా చేసి పంచు. చివర నీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు వెయ్. ఇచ్చి ఊరుకోకు, వారం ఆగి మళ్ళీ కలువు."

సెలవులకు ఇంటికి వచ్చి అదే పని చేశాను. జగిత్యాలలో బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపులో బొమ్మలన్నిటికీ పదిహేనేసి కాపీలు తీయించాను. వాటిని అరచేయంత పుస్తకాలుగా కత్తిరించి ఒక పక్క గట్టిగా కుట్టాను. పేజీలు బొటనవేలితో గబగబా జారవిడిస్తే బావ నడుస్తాడు. చివరి కాగితం మీద లావు అక్షరాలతో నా పేరు, సిరిసిల్ల అడ్రసు, మా పక్కింటి ఎస్టీడీ బూత్ నంబరు. మొత్తం పదిహేను తయారయ్యాయి. జిరాక్స్ షాపాయనకు ఒకటి, సిరిసిల్లలో కేబుల్ టీవీ నడిపే అన్నకు ఒకటి, జగిత్యాలలో పెద్ద బట్టల దుకాణం సేటుకు ఒకటి. బస్సులో పక్కన కూర్చున్న బీర్పూర్ రైతు తన కూతురికి ఇస్తానంటే ఆయనకూ ఒకటి. బాపు నేర్పిన నిద్ర మానేసి, బస్సుల్లో నేనే జనాన్ని లేపి పేరు చెప్పుకున్నాను. చాలామంది భయపడ్డారు. ఒక ముసలాయన పుస్తకం పట్టుకోకుండానే, "మాకెందుకు బిడ్డ గివన్ని, మేం ఏ దిక్కు లేనోల్లం," అని కిటికీ వైపు తిరిగాడు. పల్లెటూరి భయం అని లోపల నవ్వుకున్నాను.

ఇంకో రోజు జగిత్యాల పోతుంటే మల్యాల చౌరస్తాలో బస్సు ఆపారు. మగవాళ్ళందర్నీ దింపి వరసగా నిలబెట్టారు. ఒక కానిస్టేబుల్ నా సంచి తెరిచి అందులో ఉన్న కాగితాలు రోడ్డు మీద పరిచాడు.

"ఏందిర గివి? ఒక్కడే మనిషి, గిన్ని బొమ్మలు? ఎవలిచ్చిండ్రు నీకు?"

మామూలుగా అయితే నా మెడ కిందికి వంగాలి. వంగలేదు. రెండేళ్ళుగా నేర్చుకున్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. నేను విద్యార్థినని, బొమ్మల్ని నడిపించే చదువని చెప్పి, ఒక పుస్తకం తీసి అతని ముఖం ముందు జారవిడిచాను. అతను ఆగిపోయాడు. "మల్లొక్కసారి తిప్పు," అన్నాడు. ఇంకో ఇద్దరు తుపాకులు భుజాలకు తగిలించుకుని వచ్చి తలలు వంచి చూశారు. చిన్నపిల్లల్లా నవ్వారు. జీపులోంచి ఎస్సై దిగాడు. కృష్ణా వైపు మనిషి, మాటలోనే తెలుస్తుంది.

"బాగుందయ్యా. నువ్వే గీశావా?"

నేను చెయ్యి చాచి, కళ్ళలోకి చూస్తూ నా పేరు చెప్పాను. ఎస్సై చెయ్యి ఊపాను. "మీరే ఉంచుకోండి సార్, వెనకాల నా అడ్రసు ఉంది," అన్నాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సు ఎక్కాక జనం నన్ను అదోలా చూశారు. నేను మాత్రం గాల్లో తేలుతున్నాను. నా బతుకులో నా పనికి మొదటిసారి చప్పట్లు కొట్టినంత పని చేసింది పోలీసులు.

అక్కడి నుంచి అదే ఊపులో కోరుట్ల వెళ్ళాను. అక్కడ ఒక ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళి వీడియోల్లో పేర్లు తిరుగుతూ రావడం, పూలు రాలడం లాంటివి వాళ్ళే చేసేవారు. నాకు అలాంటి పని దొరుకుతుందేమోనని ఆశ. స్టూడియో ఆయనకు మా అత్తమ్మ ఇల్లు బాగా తెలుసు. పుస్తకం చేతిలో పెట్టాను. ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పలేదు. లేచి షట్టరు సగం కిందికి లాగాడు.

"ఎవలు గీయమన్నరు నిన్ను?"

"కాలేజీ పని అన్నా. ఊరికే గీసిన."

"ఊరికెనా?" ఆయన పుస్తకం నా ముఖం ముందు ఊపాడు. "మీ బావ నెగెటివ్‌లు నా దగ్గర ఆరు ఉండె. మీ అత్త వచ్చి కాళ్ళ మీద పడ్డది. ఆమె ముంగటనే కాలవెట్టిన. పోలీసోల్లు వచ్చి నన్ను కొట్టిండ్రు, అయినా చెప్పలే. నేను కాల్చినదాన్ని నువ్వు మల్ల పుట్టిచ్చినవ్ గదరా."

"మొఖం లేదు గదన్నా..."

"మొఖం ఎందుకుర? గీ కాలు వడ్డప్పుడే నాకు మనిషి కనవడ్డడు. కోరుట్లల ఎవనికి చూపెట్టినా చెప్తడు." ఆయన కాసేపు తల పట్టుకున్నాడు. "ఎంతమందికి ఇచ్చినవ్?"

చెప్పాను. ఎస్సై మాట వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇచ్చినయన్ని వాపస్ తెచ్చుకో, కాలవెట్టు. కానీ ఠాణా దిక్కు మాత్రం పోకు. గా సార్ ఎక్కడనో పారేస్తడు, మర్చిపోతడు. నువ్వు పోయి గుర్తు చెయ్యకు. ఇన్నవా?"

విన్నాను. విని, తలూపి, ఆయనకిచ్చిన పుస్తకం వెనక్కి తీసుకుని బయటికి వచ్చాను. అత్తమ్మ ఇల్లు రెండు సందుల అవతలే. ఆ రోజు వెళ్ళలేకపోయాను.

తర్వాతి వారం నేను చేసింది మా సార్ నేర్పిన చదువంతా తిరగేసి చేయడమే. ఎవరెవరికి చెయ్యి ఇచ్చి పేరు చెప్పానో వాళ్ళందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాను. జిరాక్స్ షాపాయన అడగగానే ఇచ్చేశాడు. బట్టల దుకాణం సేటు ఎక్కడో పడేశాడు, గోడౌన్ అంతా వెతికి తీసుకున్నాను. కేబుల్ అన్న, "ఇచ్చిన పాన్ తిరిగి అడుగుతర్రా?" అని ఎగతాళి చేసి, బతిమాలించుకుని ఇచ్చాడు. బీర్పూర్ దాకా బస్సులో వెళ్ళి ఆ రైతు ఇల్లు పట్టుకున్నాను. ఆయన కూతురు, ఆరేళ్ళది, పుస్తకాన్ని గౌనులో దాచుకుని ఇవ్వనంది. తండ్రి గుంజి నాకు ఇస్తే ఆ పిల్ల నేల మీద పడి ఏడ్చింది. "గా కుంటి మామ నాకు గావాలె" అని ఏడ్చింది. ఆ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా తాగలేదు.

పంచకుండా మిగిలినవాటితో కలిపి పద్నాలుగు చేతికొచ్చాయి. మా ఇంటి వెనక వాటిని ఒకటొకటిగా కాల్చాను. జిరాక్స్ కాగితాలు మండుతుంటే మా అవ్వ వచ్చి చూసింది. ఏమిటని అడగలేదు. కాగితాలు కాలుతుంటే అడగకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చేత్తో గీసిన మొదటి ఇరవై నాలుగు బొమ్మలు మాత్రం మిగిలాయి. వాటిని కూడా అంచులు కత్తిరించి, చివర నా పేరు రాసి అప్పటికే అరచేయంత పుస్తకంగా కుట్టి ఉంచాను. పొయ్యి దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చి పెట్టెలో దాచాను. బావ జ్ఞాపకం అని కాదు, అబద్ధం చెప్పను. అంత బాగా నేను మళ్ళీ గీయలేనని భయం.

పదిహేనోది ఎస్సై జేబులో ఉంది. నాకు నిద్ర లేదు. స్టూడియో అన్న చెప్పిన మాట గుర్తుంది, అయినా ఆగలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి కథ మనందరికీ తెలుసు. తెలిసి కూడా నా భుజాలు నేనే తడుముకున్నాను. అదే రకం పుస్తకం ఇంకోటి చేశాను, అందులో మనిషి తిన్నగా, రెండు కాళ్ళూ సమంగా వేసి నడుస్తాడు. అది తీసుకుని మల్యాల ఠాణాకు వెళ్ళాను. వారం ఆగి మళ్ళీ కలవమని మా కాలేజీ సార్ చెప్పాడు కదా. సరిగ్గా పది రోజులయింది.

ఎస్సై నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపులో వెనక్కి తిరిగి వచ్చేసినా బాగుండేది. పుస్తకం గురించి నేనే గుర్తు చేశాను. ఆయన బల్ల సొరుగు లాగి, కాగితాల అడుగు నుంచి దాన్ని వెతికి తీశాడు.

"ఇందులో తప్పులున్నాయి సార్," అన్నాను. "సరిదిద్ది కొత్తది తెచ్చాను. అది ఇచ్చేయండి, ఇది ఉంచుకోండి."

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి తిప్పి చూశాడు. ముందు ఒకటి, తర్వాత ఒకటి, మళ్ళీ మొదటిది.

"కొత్తదాంట్లో కుంటి లేదే?"

"అదే తప్పు సార్. అది తీసేశాను."

"తప్పు అన్ని బొమ్మల్లోనూ ఒకే చోట పడదయ్యా," అన్నాడు, చాలా మామూలుగా. "ఎవర్ని చూసి గీశావు?"

"ఎవర్నీ కాదు సార్. ఊహ."

"ఊహ మంచిదే." చివరి కాగితం తిప్పి నా పేరు, అడ్రసు పైకి చదివాడు. నా పేరు అంత మెల్లగా, అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ పలకలేదు. "సిరిసిల్ల. కోరుట్లలో చుట్టాలెవరైనా ఉన్నారా?"

లేరన్నాను. ఉన్నారని ఎవరికైనా తెలిసిపోయేలా లేరన్నాను.

ఆయన కొత్త పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే ఉంచుకో. ఇది బాలేదు," అన్నాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ టీ తాగాను కూడా.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. బావకు కబురు పంపే దారి నాకు తెలియదు, అత్తమ్మకు తెలుసేమో అడిగే ధైర్యం లేదు. నెల తర్వాత హైదరాబాదు నుంచి మళ్ళీ వచ్చినప్పుడు జగిత్యాల బస్టాండులో టీ తాగుతున్నాను. టీ కొట్టాయన గొంతు తగ్గించి, పక్కనున్న కండక్టరుతో అంటున్నాడు:

"పదిరోజుల సంది మఫ్టీలోల్లు గీన్నే కూసుంటున్నరు. కతేందో తెలుస్తలేదే. ఇదివరకు మొఖాలు సూసెటోల్లు. ఇప్పుడు ఎవ్వని మొఖం సూస్తలేరు. కాళ్లు సూస్తున్నరు."

గ్లాసు అక్కడే పెట్టేశాను. అక్కడి నుంచి పరుగెత్తి కోరుట్ల బస్సు ఎక్కాను. ఈసారి అత్తమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె చేతులు పట్టుకుని, "బావను జగిత్యాల దిక్కు రావద్దని చెప్పు అత్తమ్మా, ఎట్లనన్న జేసి చెప్పు," అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె చేతులు విడిపించుకుంది. "నాకు సుత వాడు ఎక్కడున్నడో ఎర్కలేదు అల్లుడా," అంది. అది నిజమో, అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పిందో ఇప్పటికీ తెలియదు.

తొమ్మిది రోజులకు పేపర్లో వచ్చింది. గుట్టల దగ్గర ఎదురుకాల్పులు, ఒకడు మృతి. జగిత్యాలలో మాత్రం అందరూ ఒకటే మాట చెప్పుకున్నారు. బస్టాండులో పట్టపగలు, కోరుట్ల బస్సు వైపు నడుస్తుంటే బావను నలుగురు చుట్టుముట్టి జీపులో వేసుకుపోయారని. గడ్డం పెంచాడట, కళ్ళద్దాలు పెట్టుకున్నాడట, మెడలో అయ్యప్ప మాల కూడా వేసుకున్నాడట. ముఖాన్ని ఎంత మార్చుకోవాలో అంతా మార్చుకున్నాడు.

అంత్యక్రియలకు నేను వెళ్ళాను. దూరంగా నిలబడ్డాను. బట్ట చుట్టి ఇచ్చారు, విప్పి చూడనివ్వలేదు. ఎడమ పాదం ఒక్కటి బట్ట బయటికి తిరిగి ఉంది.

పదకొండో రోజు తర్వాత అత్తమ్మ కబురు పెట్టింది. "నీ దగ్గర వాడు నడిచే బొమ్మల పుస్తకం ఉన్నదట గద. పట్టుకరమ్మన్నది," అని ఊరివాళ్ళు ఒకరు వచ్చి చెప్పారు. స్టూడియో అన్న చెప్పి ఉంటాడనుకున్నాను. పెట్టెలోంచి ఆ మొదటి పుస్తకం తీసుకుని కోరుట్ల వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. అత్తమ్మా, నా వల్లనే. ఈ మూడు మాటలే. ఎవరి చెయ్యి పట్టుకున్నా పేరు చెప్పగలిగే నోరు, ఇంతమాత్రం చెప్పలేదా అనుకున్నాను.

అత్తమ్మ అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చేస్తోంది. గోడకు ఫొటో లేదు. దండ వేయడానికి మేకు కొట్టి ఉంది, దండ ఉత్త మేకుకే వేసి ఉంది. నేను కూర్చున్నాను. ఆమె చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకుంది. ఎట్లా తిప్పాలో చూపించబోయాను. అవసరం రాలేదు. నలభై ఏళ్ళు ఆకు లెక్కపెట్టిన బొటనవేలు అది. కాగితాలు ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా జారాయి. బావ నడిచాడు. భుజం దిగింది, పాదం అంచు మీద పడింది, ఆగింది, లేచింది. ఆమె మళ్ళీ మొదటికి తెచ్చింది. మళ్ళీ నడిపించింది. ఎన్నిసార్లో.

"గిట్లనే," అంది. "గిట్లనే వచ్చెటోడు. సందు మొగలకు రాంగనే నాకు ఎర్కయ్యేది."

నా నోరు తెరుచుకోలేదు.

"ఠాణల సుత గిసొంటిదే ఉండె," అంది అత్తమ్మ, పుస్తకం మీంచి కళ్ళు తీయకుండా. "మొఖం గుర్తువట్టరాకుంట జేసిండ్రు. నేను నా కొడుకో కాదో చెప్పలేకపోయిన. అప్పుడు గా ఎస్సై సార్ జేబులకెల్లి గది తీసి నడిపిచ్చి సూపెట్టిండు. 'వీడేనా?' అన్నడు. అవునన్న." ఆమె చివరి కాగితం దగ్గర వేలు ఆపింది. "దాని మీద సుత సివరకు గిట్లనే ఏందో రాసి ఉండె. నాకు సదువు రాదు. ఏం రాసినవ్ అల్లుడా?"

"నా పేరు అత్తమ్మా," అన్నాను.

ఆమె ఆ అక్షరాల మీద బొటనవేలు జరిపింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని చూశాను. చాటలోంచి ఆకు కత్తిరించే కత్తెర తీసింది. చివరి కాగితాన్ని కుట్టు దాకా, అంచు చెదరకుండా, తునికాకు కత్తిరించినట్టు కత్తిరించింది.

"మల్ల ఒచ్చి ఇల్లంత ఎతుకుతరు వాల్లు," అంది. "నీ పేరు నా ఇంట్ల ఎందుకు? నువ్వన్న బతుకు."

పుస్తకం రొంటిన దోపుకుంది. నా పేరున్న కాగితం నా చేతిలో పెట్టి, మళ్ళీ ఆకు అందుకుంది.